తమ్ముడి ఎడంచెయ్యి

అందరూ ఆవిణ్ణి ఎముకల డాక్టరమ్మ అంటారు. ఎవరివో తెలియని ఎముకల్ని పొడవాటి బల్లమీద మనిషి ఆకారంలో పేర్చి, ఆ మనిషి ఎవరో కనిపెట్టడం ఆవిడ పని. మెత్తటి కుంచెతో మట్టి దులుపుతుంటే నిద్రపోతున్న పసిబిడ్డ ముఖం తుడుస్తున్నట్టే ఉంటుంది. కళ్ళజోడు ముక్కు చివరికి జారుతుంది. కిటికీ ఎండలో సన్నటి ధూళి తేలుతూ ఉంటుంది. ఆ గదిలో గడియారం కూడా మెల్లగా నడుస్తున్నట్టు తోస్తుంది.

ఒక మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. ముప్పై ఏళ్ళ కిందట పడవ మునిగి గల్లంతైన తన తమ్ముడి ఎముకలు నది ఇసుకలో దొరికాయని, డీఎన్ఏ పరీక్షలో తేలిందని ఆవిడకి కబురందింది. ఆవిడ కుర్చీలో కూర్చోలేదు. "చిన్నప్పుడు ఉయ్యాల్లోంచి నేనే తోసేశాను డాక్టరమ్మా, ఎడంచెయ్యి విరిగింది. పెద్దయ్యాక కూడా నొప్పంటూ నీళ్ళ బకెట్టు ఎత్తేవాడు కాదు. ఆ చెయ్యి వల్లే ఈదలేకపోయాడేమో..." అంటూ బల్ల దగ్గరికి వచ్చింది. డాక్టరమ్మ ఆవిడ వేలు పట్టుకుని, ముంజేతి ఎముక మీది చిన్న బొడిపె దాకా నడిపించింది. "విరిగింది ఇక్కడే. ఎంత గట్టిగా అతుక్కుందో చూడండమ్మా. కండ పట్టిన గుర్తులు కుడిచేతికి సమానంగా ఉన్నాయి. ఈ చేతికి ఏ లోటూ లేదు." పెద్దావిడ ఆ బొడిపెను చాలాసేపు నిమిరింది. ఉన్నట్టుండి కన్నీళ్ళలోంచే నవ్వింది. "దొంగవెధవా! నీళ్ళన్నీ నాచేత మోయించావు కదరా!"