బాలశౌరి కారుకి జబ్బు చేసింది

బాలశౌరికి ఉన్న పిచ్చి ఒక్కటే. మనిషికొచ్చే జబ్బులన్నీ కారుకీ వస్తాయని నమ్మేవాడు. నమ్మి ఊరుకుంటే మనకేం నష్టం? నడిరోడ్డు మీద ఆపి వైద్యం మొదలుపెట్టేవాడు.

ఈ బాలశౌరి మా బావ గోపాలకృష్ణయ్య కారు డ్రైవరు. బావకి నరసరావుపేటలో పత్తి మిల్లుంది, మిల్లు కంటే పెద్ద గొంతుంది, ఒక నల్ల కారుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజులు కదా, పెట్రోలు దొరక్క, బొగ్గు గ్యాసుతో నడిచేట్టు ఆ కారు వెనకాల బొగ్గు పొయ్యి కట్టించాడు. కదిలితే పెళ్ళి వంట కదిలినట్టుండేది. ఇక నేనంటారా, ఫోర్తు ఫారంలో లెక్కల మేష్టారికీ నాకూ సిద్ధాంతాల్లో తేడా వచ్చింది. బడికి శాశ్వతంగా సెలవిచ్చేసి, మా అక్క శేషారత్నం ఇంట్లో ఉంటూ బావకి సలహాలు చెబుతుండేవాణ్ణి. మోటార్ల గురించి నాకు తెలియంది లేదు, నడపటం తప్ప.

ఒకసారి గురజాల రోడ్డు మీద కారుకి ఎక్కిళ్ళు పట్టుకున్నాయి. వెనక సీట్లో అక్క పక్కనున్న నేను ముందు సీట్లో పడ్డాను, ముందు సీట్లో ఉన్న బావ బోనెట్టు మీద తేలాడు. నమ్మకపోతే బావనడగండి, ఆయనా ఇట్లాగే చెబుతాడు, ఇంకో రెండు కలిపి. ఇంకోసారి పిడుగురాళ్ళ సున్నపు బట్టీల దగ్గర కారు తుమ్మింది. ఆ తుమ్ముకి లేచిన సున్నానికి నడికుడి దాకా గేదెలన్నీ తెల్లబడ్డాయి. ఏ గేదె ఎవరిదో తేలక వారం రోజులు పాలు పితకలేదు.

ఆయాసం, పైత్యం, తిమ్మిరి, దిష్టి, జబ్బేదైనా బాలశౌరి వైద్యం ఒకటే. బోనెట్టు ఎత్తాలి. కార్లో ఉన్న మగాళ్ళంతా దిగొచ్చి బోనెట్టు కింద తలకాయలు పెట్టి ఇంజను గుండె సప్పుడు వినాలి. తల తిప్పగూడదు.

"తిప్పితే ఏమైద్ది శౌరన్నా?" అనడిగాను ఒకసారి.

"తిరగబెడతది బాబూ," అన్నాడు.

ఇంకో వింత చెప్పాలి. మేం మగాళ్ళమే పోయినప్పుడు కారుకి పడిశం కూడా పట్టేది కాదు. మాచర్ల దాకా పందెం ఎద్దులా పోయేది. మా అక్కా, బావ తల్లి వీరరాఘవమ్మ అత్తయ్యా ఎక్కారంటే మాత్రం ప్రతి రెండూళ్ళకీ ఒక రోగం. "ఆడవాళ్ళ దిష్టి" అనేవాడు బావ. నేను శాస్త్రప్రకారం ఆలోచించి, అత్తయ్య బరువని తేల్చాను. అత్తయ్య మనిషి చిన్నదేం కాదు. ఆమె ఎక్కితే కారు, గేదె నీళ్ళలోకి దిగినట్టు ఒక పక్కకి ఒరిగేది.

అత్తయ్యకి సముద్రం చూడాలని చిరకాల కోరిక. మాఘ పున్నమికి సముద్ర స్నానమని ప్రయాణం పెట్టారు. చీరాల మీదుగా ఓడరేవు, అక్కణ్ణుంచి సూర్యలంక, బాపట్ల, పొద్దుగూకేలోపు ఇల్లు. బయల్దేరే ముందు బావ బాలశౌరిని పిలిచాడు.

"ఒరేయ్ శౌరీ, ఊళ్ళో అందరూ నా కారుని ధర్మాసుపత్రి అంటన్నారు. ఇయ్యాళ దానికి జబ్బు చేసిందా, నీ పని సరి. గుంటూరులో డ్రైవర్ని చూసి పెట్టా. షెడ్డు పక్క గదులు ఖాళీ చేద్దువు గాని."

బాలశౌరి, వాళ్ళావిడ కరుణమ్మ, పిల్లలు ఉండేది ఆ గదుల్లోనే. ఉద్యోగం పోతే గూడూ పోయినట్టే. బాలశౌరి తలపాగా తీసి మళ్ళీ చుట్టుకున్నాడు.

"అది మన చేతుల్లో ఉంటదా అయ్యగారూ? ఒంట్లో ఎట్టుంటే అట్ట."

చిలకలూరిపేట దాటాం. రోడ్డుకి రెండు పక్కలా నిలువెత్తు జొన్నచేలు. అద్దంలో వెనక్కి ఒకసారి చూశాడు బాలశౌరి. కారు ఆగిపోయింది.

"ఏందిరా?" బావ గొంతుకి చేలో పిట్టలన్నీ లేచాయి.

"ఆయాసం అయ్యగారూ. దిగండి. బాబూ, నువ్వు కూడా."

"పొద్దున నేనేం చెప్పా?"

"నాకు చెప్పారుగానీ దానికి చెప్పలేదు గదయ్యా."

బావా నేనూ బోనెట్టు కింద దూరాం. లోపల బొగ్గు వాసన, పొగ, వేడి. వెనకనించి అక్క "మేం కాస్త కాళ్ళు చాపుకొస్తాం" అనటం వినపడింది. కాసేపటికి గాజుల సప్పుడు దగ్గరికి రాగానే బాలశౌరి బోనెట్టు దించాడు.

"తగ్గింది. ఎక్కండి."

చీరాల ఇంకా రాకముందే జీడిమామిడి తోటల దగ్గర పైత్యం చేసింది. ఈసారి బావ ముందు దిగనన్నాడు, బాలశౌరి బతిమాలగా బతిమాలగా దిగాడు. దిగి ఇంజనులోకి వంగి తిట్టిన తిట్లకి నిజంగానే దానికి జ్వరమొచ్చుండాలి.

ఓడరేవులో సముద్రం చూసి అత్తయ్య నోరెళ్ళబెట్టింది. "ఇన్ని నీళ్ళా! మన పొలాలకి పెట్టగూడదా?" అంది. అక్క చెయ్యి పట్టుకుని దిగింది, అల కొట్టింది, కూర్చుండిపోయింది. ఆమె కూర్చోగానే సముద్రం పొంగి బెస్తవాళ్ళ నాలుగు పడవలు గుడిసెల దాకా పోయాయి. నేను కళ్ళారా చూశాను.

ఆడవాళ్ళు బట్టలు మార్చుకోవటానికి బెస్తవాళ్ళ ఇంట్లోకి పోగానే బావ చెయ్యి చాపాడు.

"తాళంచెవి ఇయ్యి. ఇంటిదాకా నేనే తోలతా. రేపు పెందలాడే గదులు ఖాళీ చెయ్యి."

బావకి డ్రైవింగు నేర్పింది బాలశౌరే. తాళంచెవి ఇచ్చి, ముందు సీట్లో ఆ చివర కూర్చున్నాడు. నేను వెనక అక్కా అత్తయ్యల పక్కకి మారాను.

చెప్పొద్దూ, కారు బ్రహ్మాండంగా పోయింది. దగ్గు లేదు, తుమ్ము లేదు. సూర్యలంకలో తిరణాల జనం. మేం మగాళ్ళం ఇసకలో తిరిగొచ్చాం, ఆడవాళ్ళకి ఆ జనంలో కారు దిగే చోటు కూడా లేదు. బాపట్లలో బావ నడిబజారులో, కాఫీ హోటలు ముందర ఆపాడు. మేం లోపలికి పోయి ఇడ్లీలు తిన్నాం, పెరట్లోకి పోయొచ్చాం, కిళ్ళీ వేసుకున్నాం. ఆడవాళ్ళకి కాఫీ కార్లోకే పంపాడు బావ. అత్తయ్య గ్లాసు వంక చూసి మొహం తిప్పుకుంది. అక్క ముట్టలేదు. కారు చుట్టూ ఊరంతా మూగి బొగ్గు పొయ్యిని చూస్తోంది.

మళ్ళీ బయల్దేరాం. "చూశావుట్రా?" అన్నాడు బావ నాతో, గెలిచిన పుంజులా. "రోగం కారుకి కాదు, ఈడికి!"

బాలశౌరి అద్దంలోంచి వెనక్కి చూశాడు. "అయ్యగారూ, ఇంజను సప్పుడు మారింది."

"నోర్మూసుకో. వీణలా ఉంది."

పక్కనే తాటితోపు పోయింది. తర్వాత సరుగుడు తోట పోయింది.

"అయ్యగారూ, పాపం దానికి కడుపులో..."

"ఇంకొక్క మాటన్నావంటే ఇక్కడే దించుతా!"

నేను పక్కకి చూశాను. అక్క పెదవి కొరుక్కుంటోంది. అత్తయ్య కళ్ళు మూసుకుని రామా, రామా అంటోంది. భక్తనుకున్నాను. ప్రతి గతుక్కీ భక్తి పెరుగుతోంది. నాతో అంటే బావకి నేనే చెప్పేవాణ్ణేమో, కానీ వాళ్ళు ఎవరికీ చెప్పరు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు దారిలో దిగాలన్న మాట నోట పలికితే పరువు పోయినట్టే లెక్క.

చివరికి ఒక పెద్ద గతుకొచ్చింది. అత్తయ్య ముందు సీటు మీద పిడికిలితో గుద్దింది.

"ఒరేయ్ కిట్టయ్యా! కారుకి జబ్బు చేసిద్దా లేదా?"

బావ గర్వంగా వెనక్కి తిరిగాడు. "చెయ్యదమ్మా! రాయిలాగుంది!"

"అదేరా నా ఏడుపు! ఆ మాయదారి కారు బాగుండి నా పాణం తీస్తంది! ఆ శౌరి ఉంటే ఈపాటికి మూడు రోగాలొచ్చేవి. ఆపుతావా, దూకనా?"

బావ కాలు దానంతటదే బ్రేకు మీద పడింది. బావ మొహం మిరపపండై, నల్లబడి, మళ్ళీ మామూలైంది. బాలశౌరి అప్పటికే దిగి బోనెట్టు ఎత్తాడు.

"అయ్యగారూ, ఇటు రండి. బాబూ, నువ్వు కూడా. దీనికి బాగా ముదిరింది."

ఇద్దరం పరుగెత్తుకుంటూ పోయి తలకాయలు లోపల పెట్టాం. వెనక తలుపులు తెరుచుకున్నాయి, గాజులు గబగబా చెట్ల చాటుకి దూరమయ్యాయి.

కాసేపయ్యాక బావ ఇంజనుతో చెబుతున్నట్టు మెల్లగా అన్నాడు. "ఒరేయ్ శౌరీ, ఇన్నాళ్ళూ దీనికోసమేనా?"

"దేనికోసమయ్యా?"

"అదేరా... ఆడవాళ్ళ..."

"నాకేం తెలుసయ్యా," అన్నాడు బాలశౌరి, ఇంజనులోంచి కళ్ళు తియ్యకుండా. "కారుకి ఒంట్లో బాగాలేదు. అంతే."

"ముందే చెప్పి చావచ్చుగా! ఉద్యోగం పోయేదాకా వచ్చింది గదరా!"

"మీతో చెప్తే, అమ్మగార్లకి నేను కనిపెట్టానని తెలవదా? తెలిస్తే మళ్ళీ నా కారెక్కుతారా? అప్పుడు కారుకి జబ్బు చెయ్యటం కూడా దండగే గదయ్యా."

గాజుల సప్పుడు దగ్గరికొచ్చింది. బాలశౌరి బోనెట్టు దించబోతే బావ చెయ్యి పట్టుకుని ఆపాడు. వెనక్కి తిరక్కుండానే అటేపు గట్టిగా కేకేశాడు.

"శేషారత్నం! కారుకి ఇంకా తగ్గలేదు! మీరేం తొందరపడబాకండి, ఆ చెట్టుకింద కూర్చుని మజ్జిగ తాగండి!"

అప్పుడు చెట్టుకింద వినపడిన నవ్వులకి, వెనక దాటొచ్చిన తాటితోపులో కల్లు గీసేవాళ్ళు దిగొచ్చారు. చీకటి పడకముందే ఇల్లు చేరాం, బాలశౌరే తోలాడు. షెడ్డు పక్క గదుల ఊసు బావ మళ్ళీ ఎత్తలేదు.

ఆ తర్వాత నరసరావుపేటలో పెద్దాళ్ళు కొందరు మా కారు కంటే మంచి కార్లు కొన్నారు. కానీ వాళ్ళిళ్ళ ఆడవాళ్ళు కోటప్పకొండ పోవాలన్నా, పెళ్ళికి పోవాలన్నా, మా కారుకే కబురంపేవాళ్ళు. మగాళ్ళకి ఎందుకో అర్థమయ్యేది కాదు. బావ మాత్రం మిల్లు అరుగు మీద కూర్చుని మీసం తిప్పేవాడు.

"మా కారుకున్నన్ని జబ్బులు ఈ జిల్లాలో ఇంకే కారుకైనా ఉన్నాయేమో చూపించండయ్యా!"