ఆరని జిగురు

మా బైండరు బాబాయి గదిలో జిగురు ఆరదు. మరెక్కడైనా గంటలో ఆరిపోయే జిగురు ఆయన దగ్గర వారాల తరబడి పచ్చిగానే ఉండేది.

మా వ్యవసాయ పరిశోధనాలయంలో నేను టైపిస్టుని. ఆయన నివేదికలు కుట్టి అట్టలు వేసేవాడు. కొన్ని పుస్తకాలు మధ్యాహ్నానికే చేతిలో పెట్టేవాడు. కొన్నిటికి మాత్రం జిగురు జన్మలో ఆరేది కాదు. "బాబాయి జిగురు ఆరేలోపు నేను రిటైరైపోతాను" అని గుమాస్తాలు నవ్వుకునేవారు.

ఆ ఏడు పెద్ద చిక్కే వచ్చింది. వేరుకుళ్లు తెగులు మీద ఆరేళ్ల పరిశోధన కమిటీకి వెళ్లాలి. అట్ట మీద ఎవరి పేరుంటే వారికే కొత్త ప్రయోగశాల అప్పగిస్తారు. పని చేసిందంతా మట్టి అక్క. ఎప్పుడు చూసినా గోళ్లలో మట్టేనని ఆ శాస్త్రవేత్తకు మేం పెట్టుకున్న పేరది. అట్ట మీద మాత్రం డైరెక్టరుగారొక్కరే ఉన్నారు.

కమిటీ రావడానికి ముందురోజు ఆయనే మెట్లు దిగి బైండింగు గదికి వచ్చారు. నేనూ అక్కడే ఉన్నాను.

"పుస్తకం ఏదయ్యా?"

"జిగురు ఆరలేదండి."

"నాలుగు రోజులైంది."

"గాలిలో తేమండి."

"బయట ఎండ మాడ్చేస్తోంది."

"ఆ ఎండకే తేమంతా లేచి నా గదిలోకి వస్తోందండి."

ఆయన విసవిసా వెళ్లిపోయారు. నేను ఆ పుస్తకం కోసం కొన్న జిగురు డబ్బా మూత తియ్యబోయాను. రాలేదు. కొన్ననాటి సీలు అలాగే ఉంది.

"ఇదేమిటి బాబాయ్?"

ఆయన చివరి పేజీ తీసి నా ముందు పెట్టాడు. "చదువమ్మా. 'టీ ఏర్పాట్లకూ, మహిళా సిబ్బంది సహకారానికీ కృతజ్ఞతలు.' ఆరేళ్లు ఎండలో మొక్కలు పీకి, వేళ్లు కోసి, ఆ తెగులు ఏ బూజు వల్ల వస్తోందో పట్టుకున్న మనిషి, టీ పక్కన కూర్చుందా? ఏ పుస్తకమొచ్చినా నేను ముందు చూసేది ఈ పేజీయే. ఆడపిల్ల కష్టాన్ని ఇక్కడ ఇరికించారో, నా జిగురు ఆరదు. పేరు పైకెక్కిన రోజు ఆరుతుంది." గొంతు తగ్గించి, "నువ్వే కదా టైపు చేశావు. చేతులెలా వచ్చాయి తల్లీ?" అన్నాడు.

రోజూ దేవుడికి దండం పెట్టుకున్నాకే టైపు మిషను ముందు కూర్చుంటాను. దండం పెట్టిన ఆ చేతుల్ని చూసుకుంటే నాకే సిగ్గేసింది. కొత్త అట్ట కాగితం టైపు చేశాను. మట్టి అక్క పేరు ముందు, డైరెక్టరుగారిది కింద. సంతకానికి ఇద్దరం వెళ్లాం.

"ఎవరు మార్చమన్నారు?" డైరెక్టరుగారు భగ్గుమన్నారు.

"ఆవిడ నోటుపుస్తకాలు పద్నాలుగూ నేనే కుట్టానండి," అన్నాడు బాబాయి వినయంగా. "కమిటీవారు అడిగితే చూపిద్దామని దుమ్ము దులిపి పెట్టాను. అన్నిట్లో ఆవిడ దస్తూరీయే."

డైరెక్టరుగారు కళ్లజోడు తుడిచారు, పెట్టుకున్నారు, మళ్లీ తుడిచారు. సంతకం చేశారు.

మర్నాడు ఉదయం మట్టి అక్క పుస్తకం అందుకుని, అట్ట మీద తన పేరు వేలితో తడిమింది. మేమిద్దరం మహా గర్వంగా నిలబడ్డాం. ఆమె పేజీలు తిప్పుతూ తిప్పుతూ మొహం చిట్లించింది.

"బాబాయ్, నాతో ఆరేళ్లూ పొలం తవ్విన కూలీలు, ఆ వదినా మరదళ్ల పేర్లేవి?"

బాబాయి నావైపు చూశాడు. నేను నేలవైపు చూశాను.

"కమిటీ గేటు దగ్గరికొచ్చేసింది," మేడమీంచి డైరెక్టరుగారి కేక.

"ఓ అరగంట కూర్చోబెట్టండి సార్," అంటూ బాబాయి కత్తెర అందుకుని, తన చేత్తో వేసిన కుట్లు తెంపడం మొదలుపెట్టాడు.