ఆమెన్ తరువాత మాట

ఎవరైనా దయ్యాల కథలు చెబితే నేను నవ్వేదాన్ని. లెక్కల టీచర్ని. పైగా చనిపోయినవాళ్లు పునరుత్థానం దాకా నిద్రలో ఉంటారని మా సంఘంలో నేర్పుతారు. మధ్యలో లేచి తిరగడం ఉండదు. అందుకే దీన్ని దయ్యం సంగతి అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను.

తొంభైల చివర నర్సీపట్నంలో ఒక పెంకుటింటి వాటాలో అద్దెకుండేవాళ్లం. అప్పటికే నాకు రెండుసార్లు గర్భం పోయింది. మూడోసారి ఐదో నెలలో రక్తం కనిపిస్తే డాక్టరమ్మ మంచం దిగొద్దంది. మా ఆయన వీధి తలుపుకి తాళం వేసుకుని కోటవురట్ల స్కూలుకి వెళ్లిపోయేవారు. పగలంతా పెంకులు లెక్కపెట్టుకుంటూ పడుకునేదాన్ని.

ప్రార్థన వచ్చేది కాదు. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, దేవుడి మీద కోపం. రెండుసార్లు అంతలా బతిమాలానే, ఏం చేశాడు? కన్ను మూస్తే మళ్లీ రక్తమేనన్న భయం. నిద్ర కూడా పోయింది.

ఒక మధ్యాహ్నం ఎలా పట్టిందో, గాఢంగా నిద్ర పట్టింది. లేచేసరికి నాలుగు దాటింది. ఒళ్లు తేలిగ్గా ఉంది. భయం ఏమైపోయిందా అని వెతుక్కున్నాను కూడా.

పక్క వాటా నరసమ్మ గారు పెరటి తలుపు తోసుకుని టీ తెచ్చారు. వాళ్లు చెరకు రైతులు, చర్చి సంగతులు తెలీవు. మధ్యాహ్నమంతా ఆ తలుపు పక్కనే కూర్చుని చింతపండు గింజలు తీశారట.

"మీ సర్చి ముసలావిడ బేగి ఎల్లిపోయారేటి టీచరమ్మా? ప్రార్దన బాగా సేసారు."

ఎవరూ రాలేదన్నాను.

"రానేదేటి? నేనిన్నాను కదా. ఆకర్ని ఆమెన్ అన్నారు. మళ్లీ 'మరిసిపోకు నాయినా' అన్నారు. మాస్టారితో కాబోలు అనుకున్నాను."

నేను గ్లాసు కింద పెట్టేశాను.

ఆ మాట మాస్టారితో కాదు, దేవుడితో. అలా అనే మనిషి నాకు ఒక్కతే తెలుసు, మా అమ్మ. చదువు రాదు. ఆమెన్ అయ్యాక కూడా ఆయనకి ఒకసారి గుర్తు చేస్తే గానీ లేచేది కాదు. పాస్టరు గారు ఎన్నిసార్లు సరిదిద్దినా వినలేదు. అప్పటికి నాలుగేళ్ల కిందటే ఆమెను ఎస్. రాయవరంలో సమాధి చేశాం. నరసమ్మ గారు మా అమ్మను చూడనే లేదు. నలుగురూ నవ్వుతారని ఆ మాట నేనెవరికీ చెప్పలేదు కూడా.

ఏదో రేడియో అయ్యుంటుందన్నారు మా ఆయన. రేడియోలో దేవుడికి గుర్తు చేసేవాళ్లుంటారా? పాస్టరు గారు మాత్రం, "ఆదరణ దొరికింది కదా, తీసుకో అమ్మా" అన్నారు.

తీసుకున్నాను. ఆ సాయంత్రమే ప్రార్థన చేశాను, ఏడుస్తూ, కోపం కూడా దాచుకోకుండా. భయం మళ్లీ రాలేదని అబద్ధం చెప్పను. వచ్చినా, చెప్పుకోవడానికి నాకొకరున్నారు. ఎనిమిదో నెలలో పాప పుట్టింది, బతికింది.

అదేమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. మా అమ్మ ప్రార్థన చేస్తే వీధంతా వినబడేది. ఆ రోజు ఎలా చేసిందని ఒకసారి నరసమ్మ గారిని అడిగాను.

"గొంతు బాగా తగ్గించి సేసారమ్మా. మీరు నిద్దరోతన్నారని కాబోలు."