ముత్యాలు మూపు మీది తెల్లపూలు

రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నన్ను వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్‌గా వరంగల్ పశువుల దవాఖానకు బదిలీ చేశారు. అక్కడికొచ్చేవి ఎక్కువగా గేదెలు, మేకలు. అంతకుముందు పోలీసు గుర్రాల దగ్గర డిప్యుటేషన్ మీద పనిచేశాను కాబట్టి జీను కట్టడం నాకు కొట్టినపిండి. ఆ టెక్కు కూడా కొంచెం ఉండేది.

పెళ్లిళ్ల కాలంలో ఓ పొద్దున యాకమ్మ తన ఎర్ర గుర్రాన్ని నడిపించుకొచ్చింది. బరాత్‌లకు గుర్రాన్ని కిరాయికిచ్చి బతికే మనిషి. ఆ ఆడగుర్రం పేరు ముత్యాలు. కిందటి బరాత్‌లో పెళ్లికొడుకును కింద పడేసిందట.

“సారూ, జర మత్తు సూది ఏసియ్యుండ్రి. రేపు కాజీపేటల బరాతున్నది. ఈపారి గూడ పడేస్తే ఇగ ఇటుక బట్టీకి అమ్ముడే,” అంది. బట్టీ బండికి కట్టిన గుర్రం గతేమిటో ఇద్దరికీ తెలుసు.

సూది పక్కనపెట్టి జీను విప్పించాను. మెడ, వీపు కలిసేచోట, మూపుకు రెండు పక్కలా తెల్ల మచ్చలున్నాయి. అవి శుభమని పెళ్లివాళ్లు ఈ గుర్రాన్నే కోరి అడుగుతారని యాకమ్మ మురిసిపోతూ చెప్పింది. కొన్నప్పుడు లేవట.

మచ్చ పక్కన వేలితో నొక్కాను. ముత్యాలు నడుము కుంగిపోయింది. జీను చాలాకాలం ఒకేచోట నొక్కితే లోపలి కండ నలిగి, అక్కడ వెంట్రుకలు తెల్లగా మొలుస్తాయి. జీను కింద చూస్తే మూడు పత్తి బొంతలు!

“మెత్తగుండాలని ఒకటేసిన. బెదురుతాందని ఇంకోటి, ఇంకోటి...” అంది యాకమ్మ.

ఇరుకు బూటులోకి మేజోడు మీద మేజోడు తొడిగినట్టయింది. ఆ మాట చెప్పగానే ఆమె గుర్రం మెడ మీద తలపెట్టి ఏడ్చేసింది. అప్పుడే ముత్యాలు డొక్క మీద ఈగ వాలింది. ఆ ఒక్కచోటే చర్మం అదిరింది. ఈగ బరువు తెలిసే ఒళ్లు ఇది. ఇంత నొప్పితోనే ఇన్ని పెళ్లిళ్లు మోసింది.

కాజీపేట వాళ్లను వేరే గుర్రం చూసుకోమంది యాకమ్మ. ఆ పెళ్లిళ్ల కాలమంతా ముత్యాలు వీపు మీద ఏమీ వేయలేదు.

మూపు నొప్పి తగ్గాక జీను నేనే కట్టాను. పలచని గుడ్డ ఒక్కటే పరిచి, జీనును కాస్త ముందుకు పెట్టి, వెంట్రుకల వాటాన వెనక్కి జరిపాను. వెనకనుంచి చూస్తే వెన్నెముకకూ జీనుకూ మధ్య వెలుతురు కనపడాలి. కనపడింది. పొట్ట పట్టీని ఒకేసారి బిగించకూడదు, గుర్రం ఊపిరి బిగబడుతుంది. కొంచెం బిగించి, నడిపించి, మళ్లీ బిగించాను. జీను చూస్తేనే చెవులు వెనక్కి వాల్చే ముత్యాలు కదలకుండా నిలబడి, పెద్దగా నిట్టూర్చి తల దించింది. అంత బాధపెట్టిన జీనును అది మళ్లీ మోయడానికి ఒప్పుకుంది. నా టెక్కంతా అక్కడే దిగిపోయింది.

ఆ మచ్చల్లోని తెల్ల వెంట్రుకలు మళ్లీ ఎర్రగా మారలేదు. పెళ్లివాళ్లు ఇప్పటికీ శుభమనే అడుగుతారు. యాకమ్మ మాత్రం వాటి మీద చెయ్యి వేసి చూశాకే జీను ఎత్తుతుంది. గుర్రం బెదిరితే దానికి మందు వెతికేముందు జీను విప్పి చూడాలని నేను నేర్చుకున్నది ఆ పొద్దున్నే.