అవనిగడ్డలో భాగహారం

మొదటిసారి డీఎస్సీ రాసినప్పుడు నన్ను ముంచింది ఒక్క గడి. బందరులో పరీక్ష. తెలియని ప్రశ్న ఒకటి వదిలేశాను గానీ, జవాబుల కాగితంలో దాని గడి వదలడం మరిచిపోయాను. అక్కణ్ణుంచి ప్రతి జవాబూ ఒక వరస పైకి జరిగిపోయింది. చూసుకునేసరికి పది నిమిషాలే ఉన్నాయి. రబ్బరుతో చెరిపిన చోటల్లా కాగితం పొర లేచిపోయింది.

తర్వాత రెండేళ్లు గుడివాడలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పాను. మళ్లీ నోటిఫికేషన్ పడగానే ఆ పని మానేసి అవనిగడ్డలో కోచింగ్‌కి చేరాను. నాతో గదిలో ఉన్నావిడది పెడన, నేతపని చేసే కుటుంబం. నాకంటే ఆరేళ్లు పెద్ద. మూడేళ్ల కూతుర్ని తల్లి దగ్గర వదిలి వచ్చింది. అక్కా అని పిలిచేదాన్ని.

నాకు కుదురు లేదు. ఒక గైడు తెరిస్తే పక్కగదిలో ఇంకో గైడు కనిపించేది. సైకాలజీ చదువుతుంటే లెక్కలు గుర్తొచ్చేవి, లెక్కలు చేస్తుంటే సోషల్. ఎవరు ఎన్ని బిట్లు చేశారో అడగందే అన్నం దిగేది కాదు.

ఒక మధ్యాహ్నం అక్క నా చేతిలో గైడు లాగేసుకుంది.

"నేను మూడో తరగతి పిల్లని. నాలుగొందల పన్నెండుని నాలుగుతో భాగించడం చెప్పు."

నవ్వుతూ మొదలుపెట్టాను. "నాలుగులో నాలుగు ఒకసారి పోతుంది. ఒకటిలో నాలుగు పోదు, సున్నా పెట్టు..."

"సున్నా ఎందుకు పెట్టాలి టీచర్?"

"పెట్టాలి, అంతే."

"అంతే అంటే నాకు తెలీదు కదండీ."

రెండేళ్లుగా పిల్లలకు అలాగే చెప్పుకొచ్చానని తోచి ముఖం వేడెక్కింది. అక్క చాక్‌పీసుతో గచ్చు మీద నలుగురు పిల్లల్ని గీసి, తలా ఒక వంద పంచింది. పదుల్లో ఉంది ఒక్కటే, అది నలుగురికీ రాదు. అందుకే పదుల చోట ఎవరికీ ఏమీ లేదు.

ఆ రోజు నుంచి గైడ్లు పక్కన పెట్టి, ఒకటి నుంచి పది దాకా బడి పుస్తకాలే చదివాం. ఒకరు టీచరు, ఒకరు పిల్ల. చెప్పలేకపోయిన పాఠం రానట్టే లెక్క. పది ప్రశ్నలకొకసారి నంబరూ గడీ సరిచూసుకోవడం అలవాటు చేసుకున్నాను.

పరీక్ష బాగానే రాశాను. కానీ ఫలితాలు వచ్చేదాకా నందివాడలో, మా ఇంట్లో కాలు నిలిచేది కాదు. పేపరు వచ్చే బస్సుకి రోజూ ఎదురెళ్లేదాన్ని. బందరులో జాబితా అంటించారని తెలిసి పరుగెత్తాను. అక్క అప్పటికే అక్కడుంది. నా నంబరు ఆమే చూపించింది. తనది లేదు.

"సరిగ్గా చూశావా అక్కా?"

"మూడుసార్లు చూశానమ్మాయ్."

"నాకు నేర్పింది నువ్వే."

"అయితే నాకూ వచ్చన్నమాటే. మళ్లీ రాస్తాను," అంది గానీ, బస్సెక్కేదాకా చేతిసంచీ పట్టీ మెలిపెడుతూనే ఉంది.

నాకు కృత్తివెన్ను దగ్గర, రొయ్యల చెరువుల మధ్య ఉన్న ఊళ్లో పోస్టు వచ్చింది. చేరిన మొదటి ఆదివారమే నా పుస్తకాలూ నోట్సులూ పెడన తీసుకెళ్లి ఇచ్చాను. వాళ్లమ్మ మగ్గం ఆపి టీ పెట్టింది. అక్క పుస్తకాల వైపు చూడనే లేదు. "పిల్లలెంతమంది? ఒకటో తరగతి ఎవరు చెబుతున్నారు?" అని అడుగుతూ కళ్లు తుడుచుకుంది.

తర్వాతి డీఎస్సీలో ఆమెకూ వచ్చింది, దివిసీమలో, అవనిగడ్డ దగ్గరే. ఆ కబురు వినేదాకా, హాజరు పట్టీలో సంతకం పెట్టిన ప్రతి ఉదయం ఆమె చోట కూర్చున్నట్టే ఉండేది నాకు.