ఆయమ్మ చేతి పదకొండు ముద్దలు

నందిగామ హోంలో మా ఆవిడను రెండేళ్ళు కనిపెట్టుకుని చూసిన ఆయమ్మ మొన్న ఆదివారం పోయింది. పెనుగంచిప్రోలులో తన ఇంట్లో చర్చికి తయారవుతూ గుండె పట్టుకుని కూర్చుందట. ఆటో వచ్చేలోపే అయిపోయిందట. హోం మేనేజరు ఫోన్ చేసి చెప్పాడు. "అలాగా" అన్నాను.

ఆమె గురించి మంచి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను ఆమెను చూసి రెండేళ్ళు కుళ్ళుకున్నవాణ్ణి. అలాంటివాడు చెప్పే మంచిని కూడా మీరు వినాలని ఇది రాస్తున్నాను.

జగ్గయ్యపేటలో సిమెంటు లారీల ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను. ఐదో తరగతితో బడి మానేశాను. మిగతా చదువంతా పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి చదువుకున్నదే. రోజూ చిట్టా రాయడం ఉద్యోగంతో వచ్చిన అలవాటు, ఉద్యోగం పోయినా అది పోలేదు. మాకు పిల్లల్లేరు. మా ఆవిడకు పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది, మాట పోయింది. నాకు అంతకుముందే నడుముకి ఆపరేషన్ అయింది. మనిషిని లేపి కూర్చోబెట్టే శక్తి లేదు. అందుకని హోం వెతకాల్సి వచ్చింది.

"నర్సింగ్ హోంలో చేర్పించానండి" అని పక్కింటావిడతో అంటే, "శుభం! ఎవరికండీ కాన్పు?" అంది. మన వైపు నర్సింగ్ హోం అంటే పురుళ్ళ ఆసుపత్రే కదా. "మా ఆవిడనండి" అన్నాను. ఆవిడ నోటి మీద చెయ్యేసుకుంది. మా ఆవిడకు అప్పటికి అరవై దాటాయి. మంచాన పడ్డవాళ్ళను నెలల తరబడి ఉంచుకుని చూసే చోటుకి ఇంకా మనకు సరైన పేరు కుదరలేదు.

చేర్పించే ముందు రెండు హోంలు చూశాను, జగ్గయ్యపేటలో ఒకటి, నందిగామలో ఒకటి. నోటుబుక్కులో పేజీ మధ్యన గీత గీసి ఎడమ వైపు పేట, కుడి వైపు నందిగామ రాసుకున్నాను. డాక్టరు వారానికి ఎన్నిసార్లు వస్తాడు, ఒక ఆయాకి ఎన్ని మంచాలు, జనరేటరు ఉందా, లిఫ్టు ఉందా. ప్రతి వరసలోనూ పేటదే గెలిచింది. గచ్చు మీద మొహం కనపడేంత శుభ్రం. నందిగామది పాత పెంకుటిల్లు, వెనక రేకుల వంటిల్లు. పేటలోనే చేర్పించాను. మూడో నెలకు మా ఆవిడ మడమ మీద రూపాయి బిళ్ళంత పుండు పడింది. అక్కడివాళ్ళు చెడ్డవాళ్ళని అనను. నెలకో కొత్త ఆయా వచ్చేది. మా ఆవిడ పేరు తెలిసేసరికి ఆమె మానేసేది. చివరికి నందిగామ తీసుకెళ్ళాను.

అక్కడ ఆయమ్మ ఫైలు అడగలేదు. దుప్పటి ఎత్తి మడమ చూసింది. "ఏంది పిన్నీ, ఇట్టా ఒకే పక్కన పడుకోబెట్టారా నిన్ను?" అని, నా వైపు తిరిగింది.

"బాబాయ్‌గారూ, హోం చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏం చూశారండీ?"

నోటుబుక్కు తీసి చూపించాను. గీత, వరసలు, టిక్కులు అన్నీ చూసి, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇందులో మంచినీళ్ళ గ్లాసు లేదే!"

"గ్లాసా?"

"గ్లాసు ఎక్కడ పెట్టారో చూడాలండీ. మంచం మీద మనిషికి చెయ్యి చాపితే అందాలి. అలమారలో ఉందంటే అది వచ్చిపోయేవాళ్ళు చూడ్డానికి."

పేటలో గ్లాసు అలమారలోనే ఉండేది. స్టీలు గ్లాసు, మూత కూడా ఉండేది. చూసి మెచ్చుకున్నాను కూడా.

ఆయమ్మ మాటలు అలా ఉండేవి. కొత్తగా చేరిన పిల్లలకు పని నేర్పుతూ ఒకసారి అంది: "ఒళ్ళు తుడవడం ఎవరైనా తుడుస్తారే. దుప్పటి కప్పి, లోపల చెయ్యి పెట్టి తుడవడం నేర్చుకోండి." అప్పుడు నేను గదిలోనే ఉన్నాను. మా ఆవిడ కళ్ళు మూసుకుని ఉంది. మొహంలో సిగ్గు లేదు. పేటలో ఉన్నన్నాళ్ళూ ఒళ్ళు తుడిచే వేళకు ఆ మొహం ఎలా ఉండేదో నాకు గుర్తుంది.

ఇంత మంచి మనిషి మీద ఏడుపు ఎందుకంటే, మా ఆవిడ ఆమె చేత్తో తినేది, నా చేత్తో తినేది కాదు. రోజూ మధ్యాహ్నం బస్సు పట్టుకుని నందిగామ వెళ్ళేవాణ్ణి. మెత్తగా కలిపిన పప్పన్నం నేను పెడితే మూడు ముద్దలు, మహా అయితే నాలుగు. తర్వాత పళ్ళు బిగించేది. నా మొహంలోకి చూసి మొహం తిప్పుకునేది. ఆయమ్మ పెడితే పదకొండు. ఇది గాలిమాట కాదు, రోజూ రాసిపెట్టాను. జడ వేసి, "పెళ్ళికూతురిలా ఉన్నావు పిన్నీ" అని ఆమె అంటే, మా ఆవిడ ఎడమ వైపు సగం నోటితో నవ్వేది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడకు నేను జడ వేసింది లేదు. అయినా ఆ నవ్వు నాది అనుకునేవాణ్ణి.

ఒకరోజు మేనేజరు దగ్గరకు వెళ్ళి, "ఆయమ్మను మగవాళ్ళ గదికి మార్చండి. మా ఆవిడకు నేనే పెట్టుకుంటాను" అన్నాను. కారణం అడిగాడు, నచ్చలేదన్నాను. మార్చాడు.

నాలుగు రోజులు పొద్దున్నే వెళ్ళి రెండు పూటలా నేనే పెట్టాను. మొదటి రోజు నాలుగు ముద్దలు. నాలుగో రోజు ఒకటి. డాక్టరు వచ్చి, ఇలాగే ఉంటే ముక్కులోంచి ట్యూబు వెయ్యాలన్నాడు. కంచం పట్టుకుని కూర్చున్నాను. అప్పుడు ఆయమ్మ టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చింది.

"బాబాయ్‌గారూ, మీరు తిన్నారా?"

"లేదమ్మా. ఆవిడ తిన్నాక తింటా."

"ఆవిడా అదే అనుకుంటుందండీ."

నాకు అర్థం కాలేదు.

"మీ ఇంట్లో మీరు తినకముందు పిన్ని ఏనాడైనా తిన్నదా? ఇప్పుడు ఎదురుగా మీరు ఎండిన మొహం పెట్టుకుని కూర్చుంటే ముద్ద ఎట్టా దిగుద్దీ?"

"మరి నువ్వు పెడితే..."

"నేను అబద్ధం చెబుతానండీ. 'బాబాయ్‌గారు మెస్సులో తినొచ్చారు పిన్నీ, ఇయ్యాల వంకాయ కూరంట, రెండుసార్లు వేయించుకున్నారంట' అని. దేవుడు క్షమిస్తాడ్లే."

తన డబ్బా తెచ్చి మూత తీసి నా చేతికిచ్చింది. గోంగూర అన్నం. "తినండి, ఆవిడ చూసేట్టు తినండి" అంది. స్టూలు మీద కూర్చుని తిన్నాను. మా ఆవిడ ప్రతి ముద్దా చూసింది. డబ్బా ఖాళీ అయ్యాక నోరు తెరిచింది. ఆ పూట నా చేత్తో తొమ్మిది ముద్దలు తిన్నది.

మేనేజరు దగ్గరకు మళ్ళీ వెళ్ళాను.

"నచ్చలేదన్నారు కదండీ?" అన్నాడు.

"నచ్చనిది నాకండీ. మా ఆవిడకు నచ్చింది" అన్నాను.

ఆయమ్మను మళ్ళీ వేశారు. తనను ఎవరు మార్పించారో ఆమెకు తెలుసు. ఆ సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. అందుకు కూడా నాకు ఒళ్ళుమండేది. అసలు మంట వేరే. ముప్ఫై ఎనిమిదేళ్ళు నా కంచం పక్కన నిలబడిన మనిషి తను ఎప్పుడు తింటుందో, ఏం మిగిలితే తింటుందో నేను చూడలేదు. నాలుగు మెతుకులు పెట్టడానికి వచ్చిన మనిషికి అది వారం రోజుల్లో తెలిసింది. నా చేతిది తొమ్మిది దాటలేదు. ఆమెది పదకొండుకి తగ్గలేదు.

సమాధికి పెనుగంచిప్రోలు వెళ్ళాను. హోంలో తమవాళ్ళను పెట్టుకున్న ఇళ్ళవాళ్ళందరూ వచ్చారు. వీరులపాడు నుంచి వచ్చిన ఒకాయన నా పక్కన నిలబడి, "మా అమ్మంటే ఆవిడకు ప్రాణమండీ. జడ వేసి పెళ్ళికూతురా అనేది" అన్నాడు. ఇంకొకావిడ, "మా ఆయన్నైతే పెళ్ళికొడుకా అనేది, ఆ మాట వింటేనే టీ తాగేవాడు" అని ఏడ్చింది. ఆ పిలుపు మా ఆవిడ ఒక్కదానికే అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఇంతమందికి పంచిపెట్టిందా అని వాళ్ళందరి మీదా కోపం వచ్చింది. మట్టి వేసేటప్పుడు అందరికంటే ముందు వెళ్ళి వేశాను. ఆమెకు ఒక్కసారి కూడా దండం పెట్టలేదని అప్పుడు గుర్తొచ్చింది.

తిరిగి నందిగామలో దిగి, మెస్సులో అన్నం తిని, హోంకి వెళ్ళాను. దాచాలనిపించలేదు. "ఆయమ్మ పోయిందే" అని చెప్పాను. మా ఆవిడ నన్నే చూసింది. ముద్ద నోటి దగ్గరకు తెస్తే పళ్ళు బిగించింది. "నేను తిన్నా. నిజంగా తిన్నా. దొండకాయ కూర" అన్నాను. తెరవలేదు. మర్నాడూ తెరవలేదు. రేపు నేను పోయినా ఇలా రెండు రోజులు నోరు మూసుకుంటుందా అని ఆ కంచం ముందు కూర్చుని ఆలోచించాను. మూడో రోజు నా చేత్తో రెండు ముద్దలు తీసుకుంది. నిన్న ఐదు.

వరండాలో ఎవరి చెప్పుల చప్పుడు వినపడినా ఆవిడ తల గుమ్మం వైపు తిరుగుతుంది. వచ్చింది నేనని చూశాక మెల్లగా గోడ వైపు తిరుగుతుంది. అందుకని ఇప్పుడు చెప్పులు వీధి మెట్ల దగ్గరే వదిలేసి, ఎండకు కాలుతున్న గచ్చు మీద ఉత్త కాళ్ళతో, చప్పుడు చెయ్యకుండా లోపలికి వెళుతున్నాను.