ఇనుప రిమ్ము పిలుపు

సొంగేయా కొండల్లో తొలివాన పడిన తెల్లవారుజామున ఒట్మార్ మపుందాకు పాత కలే మళ్లీ వచ్చింది. పొగమంచులో రెండువందల పారలు ఒక్కసారిగా లేస్తున్నాయి, ఒక్కసారిగా దిగుతున్నాయి. పక్క సాలులో గౌడెన్సియా పాడుతోంది. ఊరంతా కలిసి ఉమ్మడి పొలం తవ్విన రోజులవి. ఎవరు ఎవరిని పిలిచినా 'న్డుగు' అనేవారు, ఒక తల్లి బిడ్డల్లా.

ఆ రోజులు పోయి నలభై ఏళ్లయింది. ఉమ్మడి పొలం ముక్కలై అమ్ముడుపోతుంటే, పరాయివాళ్ల పాలు కాకూడదని ఒట్మారే ఒక్కో ముక్కా కొన్నాడు. అలా అనే చెప్పుకున్నాడు మరి! పిండిమర పెట్టాడు. ఉమ్మడి సేద్యం పెట్టించిన పార్టీ పాత కార్డుకు అద్దం కట్టించి గోడకు తగిలించాడు. ఇప్పటికీ కూలీలతో కూర్చునే సంకటి తింటాడు. అలాంటివాణ్ని మొన్న మర దగ్గర గౌడెన్సియా "బాస్" అనేసరికి ప్రాణం చివుక్కుమంది. ఆ నోట మళ్లీ న్డుగు అనిపించుకుంటే చాలు, ఇంకేమీ అక్కర్లేదనుకున్నాడు.

లేచి నేరుగా మామిడిచెట్టు కిందికి వెళ్లాడు. కొమ్మకు వేలాడుతున్న లారీ చక్రపు రిమ్మును, ఆనాడు ఊరిని పొలానికి పిలిచినట్టే, కడ్డీతో వాయించాడు.

చిత్రం చూడండి, జనం వచ్చేశారు! ముసలివాళ్లు నిద్రకళ్లతో, పారలు భుజాన వేసుకుని, ఎందుకని అడగకుండా వరసలో నిలబడ్డారు. కాళ్లకే గుర్తుందేమో! పాత ఉమ్మడి పొలంలోకి దిగి పాట అందుకున్నారు. మంచులో ముఖాలు కనబడక అందరూ పాతికేళ్ల వాళ్లయిపోయారు. ఒట్మార్‌కు ఏడుపొచ్చేంత ఆనందం వేసింది.

ఎండెక్కాక గౌడెన్సియా పార ఆనించి నడుం నిమురుకుంది.

"అంతా బానే ఉంది గానీ, ఈ పంట ఎవరి గాదెలోకి పోతుంది బాస్?"

పాట ఆగిపోయింది. ఒట్మార్ ఆ సంగతే ఆలోచించలేదు.

"సగం నాది, సగం మీది అక్కా."

"ఓహో, సగం న్డుగువన్నమాట! ఏ సగం, పైదా కిందిదా?"

జనం విరగబడి నవ్వారు. ఒట్మార్ సిగ్గుతో చచ్చిపోయాడు. నేరుగా మామిడిచెట్టు దగ్గరికి నడిచాడు. రిమ్ము దించి, దొర్లించుకుంటూ వెళ్లి, ఆమె వాకిట్లో కట్టాడు.

"పొలం అందరిదీ. పంట ఉమ్మడి గాదెకే. ఇకమీద నువ్వే వాయించు. మర మాత్రం... మర నాదే అక్కా. అది వదల్లేను."

"పోనీలే, నిజం చెప్పావు," అందామె.

మర్నాడు మంచులో రిమ్ము మోగింది. ఒట్మార్ పార పట్టుకుని పరుగెత్తేసరికే వరస కదిలింది.

"ఇప్పుడా రావడం న్డుగు? చివరి సాలు నీదే!" అని అరిచింది గౌడెన్సియా.

ఆ పొద్దంతా అతను చిన్నపిల్లాడిలా పాడుతూనే తవ్వాడు.

మధ్యాహ్నం ఆమె మొక్కజొన్నల బుట్ట నెత్తిన పెట్టుకుని మర దగ్గరికి వచ్చింది. ఇద్దరి కాళ్లకూ ఇంకా అదే మట్టి ఉంది. ఒట్మార్ గబగబా ఎదురెళ్లి, ఆ పిలుపు కోసం ఆశగా ఆమె ముఖంలోకి చూశాడు.

"తలుపు తియ్యి బాస్," అంది ఆమె, నవ్వుతూనే.

అతను తలుపు తీశాడు.